ఆపరేషన్ పావుగంట, పరీక్ష రెండు రోజులు

నిన్న సాయంత్రం రిపోర్టు చేతికి వచ్చింది. ‘వీర్యకణాలు: లేవు’ అని రాసి ఉంది. ఆ మాట చదివి పళ్లన్నీ కనిపించేలా నవ్వినవాడిని ఆ ల్యాబు వాళ్లు అంతకుముందు చూసి ఉండరు.

మాకు ఇద్దరు పిల్లలు. రెండోది ఎనిమిదో నెలలోనే పుట్టి ఇరవై రోజులు అద్దాల పెట్టెలో ఉంది. కాన్పుతోపాటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించేద్దామని మా అత్తగారు పట్టుబట్టినా, ముందు బిడ్డను నిలదొక్కుకోనివ్వండి అంది డాక్టరమ్మ. ఆ తర్వాత ఏడేళ్లూ మా ఆవిడ ఒంటి మీద ప్రయోగాలే. కాపర్-టి పదేళ్లు పనిచేస్తుందన్నారు. నెలనెలా అయిన రక్తస్రావానికి ఏడాదిలోనే హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయింది. కళ్ల ముందు మెరుపులు కనిపించే రకం మైగ్రేన్ ఉంది కాబట్టి రోజువారీ గర్భనిరోధక మాత్రలు వద్దన్నారు. మూడు నెలలకోసారి చేసే ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ రెండుసార్లు చేయించుకుంటే వారాల తరబడి మరకలు. ‘ఛాయ’ అనే గర్భనిరోధక మాత్రల్లో హార్మోన్లు ఉండవు, అవి ఒంటికి పడ్డాయి. కాని మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. ఆ లెక్క ఒకసారి తప్పింది. ఆ నెలంతా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

“ఇక నా వల్ల కాదండీ, ఈసారి మీ వంతు” అంది ఆమె.

ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లు పదిమందిలో దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల సంగతి చూస్తే దేశం మొత్తం మీద వెయ్యి జంటలకు ముగ్గురు. పొట్ట లోపలికి వెళ్లి గొట్టాలు ముడివేయడం కంటే మగవాళ్లకు పైపైన ఉండే వీర్యనాళాన్ని కత్తిరించడం (వేసెక్టమీ) ఎంత తేలికో మా ఊళ్లో ట్రాక్టర్ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. మా అమ్మకు మాత్రం 1976 ఎమర్జెన్సీలో మగవాళ్లకు బలవంతంగా చేసిన ఆపరేషన్లు గుర్తుకు వచ్చాయి. “వద్దురా నాయనా, సంపాదించేవాడివి. రేపు బరువు ఎత్తలేవు” అని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆసుపత్రిలో గుమాస్తా ఫారం చూసి “పేషెంటు ఎక్కడ?” అన్నాడు. నేనే అంటే తల పైకెత్తి, “మీ ఆవిడ సంతకం?” అన్నాడు. నిబంధనల్లో భార్య సంతకం అక్కర్లేదు. పెళ్లై, అరవై లోపు వయసుండి, ఏడాది దాటిన బిడ్డ ఒకరైనా ఉంటే మన సంతకం ఒక్కటీ చాలు. ఆ మాట అరగంట చెప్పి గెలిచాను. ఇంటికి వచ్చి గొప్పగా చెబితే, “నా కాపర్-టికి మీ సంతకం అడిగినప్పుడు ఈ నిబంధనలు ఎందుకు గుర్తుకు రాలేదో” అంది ఆవిడ. ఆ రోజు నేను నోరు మెదపకుండా సంతకం పెట్టిన మాట నిజమే.

ఆపరేషన్‌కు చర్మం మీద చిన్న రంధ్రమే తప్ప కోత లేదు, కుట్టు లేదు. మత్తు సూది చురుక్కుమంది, అంతే. రెండు రోజులు పడుకుని మూడో రోజు బ్యాంకుకు వెళ్లాను.

అసలు అవమానమంతా మూడు నెలల తర్వాతే. నాళం కత్తిరించినా దానికి అవతల మిగిలిన కణాలు వెంటనే పోవు. అందుకే మూడు నెలలు నిరోధ్ వాడి, ఆ తర్వాత పరీక్ష చేయించి, ఏమీ లేవని తేలాకే సర్టిఫికెట్ ఇస్తారు. ఆసుపత్రిలో మైక్రోస్కోపు ఉంది, చూసేవాడు సెలవులో ఉన్నాడు. బయట ల్యాబుకు వెళ్లాను.

అక్కడ ఉన్నది ఒకటే బాత్రూము. గడియ సగమే పడుతుంది. మూత్రం సీసాలు పట్టుకున్నవాళ్లు బయట వరుసలో ఉన్నారు. కౌంటరులోని అమ్మాయి డబ్బా పైకెత్తి “వీర్య పరీక్ష ఎవరండీ?” అని హాలంతా వినిపించేలా పిలిచింది. రెండో వరుసలో మా బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టిన పెద్దాయన. “మేనేజర్ గారూ, మీకూ షుగరేనా?” అని ఆప్యాయంగా పలకరించాడు. ఆ డబ్బాతో లోపలికి వెళ్లి, కారుతున్న కుళాయిని చూస్తూ నిలబడ్డాను. మూడో నిమిషంలో ఎవరో తలుపు కొట్టారు. ఐదో నిమిషంలో ఖాళీ డబ్బాతో బయటికి వచ్చాను.

ఇంటి నుంచి తెచ్చుకోవచ్చని అప్పుడు చెప్పారు. ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయింది? గంటలోపు రావాలి, చల్లబడకూడదు, చొక్కా లోపల ఒంటికి ఆనించి తేవాలి.

మర్నాడు అలాగే బయలుదేరితే రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. పెట్టెలు లెక్కపెడుతూ, గుండెలకు డబ్బా హత్తుకుని స్కూటర్ మీద కూర్చున్నాను. పక్కన మొక్కజొన్న పొత్తులు అమ్మే ఆమె “గుండె నొప్పా అయ్యా?” అని అడిగింది.

సాయంత్రం రిపోర్టు కోసం వెళ్తే టెక్నీషియన్ నన్ను పక్కకు పిలిచి కుర్చీ వేశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. గొంతు తగ్గించి, “అధైర్యపడకండి సార్, ఇప్పుడు అన్నిటికీ వైద్యం ఉంది” అంటూ విజయవాడలో ఒక సంతాన సాఫల్య కేంద్రం కార్డు చేతిలో పెట్టాడు. నేను నవ్వుతుంటే పాపం భయపడ్డాడు. సంగతి చెప్పాక అతని ముఖం వాడిపోయింది. “అట్లాగా సార్, మంచిది” అని కార్డు వెనక్కి తీసుకున్నాడు.

ఈ రెండు రోజుల బాధకు జడిసి పరీక్ష ఎగ్గొట్టిన మహానుభావుడు మా బంధువుల్లో ఒకడున్నాడు. వాళ్ల మూడోవాడికి ఇప్పుడు నాలుగేళ్లు. ఆ ఇంట్లో ఎవరు ఎవరిని ఎన్ని మాటలన్నారో నేను రాయను.

ఈ ఉదయం గ్యాసు బండి వచ్చింది. ఎత్తబోతుంటే అమ్మ పరుగున వచ్చి నా చెయ్యి లాగేసి, పక్కింటి కుర్రాడిని కేకేసింది. నేనూ వాదించలేదు.