పెరుగు లేని కమ్మదనం

ఆదివారం, రాత్రి 10 గంటలు.

ఈ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో భోజనానికి కూర్చున్న ఐదుగురమూ సలాడ్‌ను ఒకే గిన్నెలోంచి వడ్డించుకున్నాము. ఇదేమంత రాసుకోవలసిన సంగతి అని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ మా అక్క కూతురు వచ్చిన ప్రతిసారీ ఆ పిల్లకు గిన్నె వేరు, గరిటె వేరు, చివరికి కూర్చునే చోటు కూడా కాస్త ఎడంగానే ఉంటూ వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల, అందరూ పెరుగు పచ్చడి కలుపుకుంటుంటే ఉప్పు, కారం చల్లిన కీరా ముక్కలను విడిగా నములుతూ ఎవరి వైపూ చూడకుండా తినడం నాకు ఎన్నడూ సహించలేదు.

పాలు అరగకపోవడం వేరు, పాలు పడకపోవడం వేరు. అరగనివారికి ఇబ్బంది పాలలోని లాక్టోజ్ అనే చక్కెరతో. తోడుకునేటప్పుడు అది కొంత తగ్గుతుంది కనుక వారిలో చాలామంది పెరుగు, మజ్జిగ తీసుకోగలుగుతారు. మా పిల్లకు పడనిది పాలలోని ప్రోటీన్. అది పెరుగులోనూ, వెన్నలోనూ, పనీరులోనూ ఉంటుంది, నెయ్యిలో కూడా ఆనవాలుగా మిగిలిపోవచ్చు. నిరుడు బంధువుల ఇంట్లో ఒకరు ఆప్యాయంగానే "ఒక్క చెంచా పెరుగేగా, ఏం కాదులే" అని అన్నంలో కలిపి పెట్టారు. అరగంటలో ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు ఉబ్బి, ఆ రాత్రంతా ఆసుపత్రిలో గడిచింది. అప్పటి నుంచి ఆ పిల్ల ఏ గిన్నె ముందుకు జరిపినా "పిన్నీ, ఇందులో పాలు ఉన్నాయా?" అని అడగకుండా ముట్టుకోదు.

అందుకే పాలు, పెరుగు లేకుండా చిక్కగా, కమ్మగా ఉండే డ్రెస్సింగ్ ఒకటి చేయాలని పట్టుబట్టాను. దుకాణంలో గుడ్డు లేని మయోనైజ్ సీసాలు రెండు మూడు తిరగేసి చూశాను గానీ, గుడ్డు తీసేసినచోట పాల పొడి చేర్చినట్టు చిన్న అక్షరాలలో రాసి ఉంది. ఇక బటర్ ఫ్రూటే దిక్కని బుధవారం నాడు బండి దగ్గర మూడు కాయలు తీసుకున్నాను. సూపర్ మార్కెట్‌లో అవకాడో అని చీటీ అంటించి అమ్మేదీ ఇదే పండు. కాకపోతే దిగుమతి అయ్యే హాస్ రకం చిన్నదిగా, గరుకు తోలుతో ఉండి పండేకొద్దీ నల్లబడుతుంది; కొడగు, నీలగిరి, వయనాడ్ కొండల నుంచి మనకు వచ్చేవి పెద్దవిగా, నున్నగా ఉండి, పండినా చాలావరకు ఆకుపచ్చగానే ఉంటాయి. వీటి విషయంలో రంగును నమ్ముకుంటే లాభం లేదు. అరచేతిలో పెట్టుకుని మెల్లగా అదిమితే తోలు కింద గుజ్జు కొద్దిగా లొంగాలి. కొన్ని రకాలలోనైతే చెవి దగ్గర ఊపినప్పుడు లోపల గింజ కదిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది.

ఈ కాయ చెట్టు మీద ముదురుతుందే తప్ప మెత్తబడదు, కోసిన తరువాతనే పండుతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఆత్రం ఆగక శుక్రవారం ఒకదానిని కోశాను. రబ్బరులా సాగుతూ, మిక్సీలో ఎంత తిప్పినా పలుకులు పలుకులుగా మిగిలి, నాలుకకు చేదు తగిలింది. మొత్తం పారబోయక తప్పలేదు. మిగిలిన రెండింటినీ అత్తయ్యగారు బియ్యం డబ్బాలో ఒక అరటిపండుతో కలిపి మాగవేశారు. పండ్లు విడిచే ఇథిలీన్ వాయువు బయటికి పోకుండా బియ్యంలోనే నిలిచి, పండడాన్ని త్వరపరుస్తుందని పుస్తకాలు చెబుతాయి; ఆవిడకు అది వాళ్ల అమ్మగారు మామిడికాయలను మాగవేసిన పద్ధతి. ఈ ఉదయానికి రెండూ సరిగ్గా పదునుకు వచ్చాయి. చాకుతో చుట్టూ గాటు పెట్టి రెండు చెక్కలనూ ఎదురెదురుగా తిప్పగానే గింజ ఒకవైపు ఉండిపోయి, లోపలి గుజ్జు అంచున లేత ఆకుపచ్చగా, గింజ వైపు పసుపుగా, ఇప్పుడే చిలికి తీసిన వెన్నలా మెరుస్తూ కనిపించింది.

అయితే పండు కోయడానికి ముందే అరగంట మిక్సీ జారుతోనే సరిపోయింది. ఆ జారులో రోజూ మజ్జిగ తిప్పుతాము. పైకి తళతళలాడుతున్నా, మూతకున్న రబ్బరు చుట్టును పిన్నుతో లేపి చూస్తే దాని కింది గాడిలో తెల్లటి చార ఎండిపోయి ఉంది. డ్రెస్సింగ్‌లో పెరుగు వేయకపోతే చాలుననుకుని ఆ రబ్బరును అలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి. రబ్బరునూ, బ్లేడు కింది భాగాన్నీ వేడినీళ్లలో సబ్బుతో రెండుసార్లు రుద్ది కడిగి, ఉతికిన కొత్త గుడ్డతో తుడిచి అప్పుడు మొదలుపెట్టాను.

ఒక పెద్ద పండు గుజ్జు సుమారు 200 గ్రాములు వచ్చింది. ఒకే ఒక వెల్లుల్లి రెబ్బను సన్నగా తరిగి, రెండు నిమ్మకాయల రసంలో పది నిమిషాలు నానవేశాను; పులుపులో నానితే పచ్చి వెల్లుల్లి ఘాటు అణుగుతుంది, పిల్లల నోటికి మంట ఉండదు. గుజ్జు, ఆ నిమ్మరసం, గుప్పెడు కొత్తిమీర, గింజ తీసిన పచ్చిమిర్చి సగం, ఉప్పు, వేయించి పొడి చేసిన జీలకర్ర వేసి ఒక తిప్పు తిప్పి, గానుగ పల్లీ నూనె మూడు చెంచాలు సన్నని ధారగా పోస్తూ నలగనిచ్చాను. గుజ్జులో నూనె ముందే అతి చిన్న బొట్లుగా చెదిరి ఉండడం, దానిలోని పీచు ఆ బొట్లను పట్టి ఉంచడం వల్ల కాబోలు, బయటి నూనె కూడా విడిపోకుండా కలిసిపోయింది. చివర చల్లటి నీళ్లు అర గ్లాసు కొంచెం కొంచెంగా పోసేసరికి, అప్పటిదాకా రోటి పచ్చడిలా ముద్దగా ఉన్నది కాస్తా గరిటె ఎత్తితే మీగడలా జారడం మొదలుపెట్టింది.

అత్తయ్యగారు చేతిలో వేయించుకుని రుచి చూసి, "కమ్మగానే ఉంది గానీ పెరుగులో ఉండే ఆ మెత్తటి పులుపు లేదమ్మా, నిమ్మకాయ పైపైన కొడుతోంది" అన్నారు. అది నిజమే. వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా కలపమన్నారు. కలిపాక ఆ కొట్టడం తగ్గి, రుచికి అడుగు కుదిరింది. ఆపైన ఆవాలు, కరివేపాకుతో చిన్న తాలింపు వేద్దామని అలవాటుగా నేతి గిన్నె మీదికి చేయి పోనిచ్చిన ఆవిడ, అక్కడే ఆగి, గిన్నెను అల్మారాలో పై అరకు ఎక్కించి నూనె సీసా అందుకున్నారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

కీరా, క్యారెట్, టమాటా ముక్కలు, ఉడికించిన శనగలు, దానిమ్మ గింజలు పెద్ద గిన్నెలో వేసి, వడ్డించే ముందు మాత్రమే డ్రెస్సింగ్ కలిపాను. ముందే కలిపితే కీరా నీరు విడిచి పలుచబడిపోతుంది. క్యారెట్, టమాటాలకు రంగునిచ్చే కెరోటినాయిడ్లు కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడతాయి కనుక, ఉత్త ముక్కల కన్నా ఇలా తినడమే మేలు. పిల్ల యథాప్రకారం అడిగింది. జారు కడగడం మొదలు నూనె తాలింపు దాకా అన్నీ వరుసగా చెప్పాను. శ్రద్ధగా విని, మొదట చెంచా కొసతో నాకి, తరువాత రెండుసార్లు వేయించుకుని, మూడోసారి సలాడ్ సంగతి వదిలేసి ఉత్త డ్రెస్సింగ్‌ను వేడి అన్నంలో కలుపుకుంది. "పిన్నీ, పెరుగన్నం ఇలాగే ఉంటుందా?" అని అడిగితే నాకు వెంటనే జవాబు రాలేదు. దాదాపు ఇలాగే ఉంటుందమ్మా, అన్నారు అత్తయ్యగారు.

మిగిలినది గాజు సీసాలోకి తీసి, ఆవకాయ మీద నూనె తేలనిచ్చినట్టు పైన పలుచగా నూనె పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. కోసిన వంకాయ లాగానే దీనికీ గాలి తగిలితే నల్లబడే గుణం ఉంది. నిమ్మరసం ఆ నలుపును ఆలస్యం చేస్తుందే గానీ ఆపలేదు, రేపటికల్లా వాడేయాలి. సాయంత్రం పిల్లను తీసుకువెళ్లడానికి వచ్చిన అక్క కొలతలు రాసుకుంటూ, పెన్ను ఆపి, జారు మూత రబ్బరు తీసి కడిగావా అని అడిగింది. కడిగానని చెప్పాను. ఎల్లకాలం కడిగి వాడడం కన్నా, రేపు ఒక చిన్న జారు విడిగా కొని, దాని మూతకు ఎర్ర దారం కట్టి ఆ పిల్ల కోసమే ఉంచాలి.