గ్రాఫిక్స్ కార్డే పోయిందని షాపువాళ్లను ఒప్పించలేకపోయాను: నా అనుభవం

తిరుపతిలో పెళ్లి వీడియోల మిక్సింగ్, ఆల్బమ్ డిజైనింగ్ నా జీవనాధారం. వైశాఖమాసం ముహూర్తాలు మీద మీద ఉన్న టైములో నా కంప్యూటర్‌లో స్క్రీన్ మీద బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు దెబ్బతింది. చెన్నైలో బాగు చేయించుకుని నిన్ననే తెచ్చాను. కార్డు చెడిపోయినందుకు నాకు బాధ లేదు, యంత్రం అన్నాక చెడిపోతుంది. చెడిపోయింది ఇదేనని చెబుతుంటే వినని మనుషుల మీదే నా కోపం.

మొదట్లో ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంటే స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడి, కాసేపటికి తిరిగి వచ్చేది. విండోస్‌లో తప్పులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే 4101 నంబరుతో డిస్‌ప్లే ఎంట్రీలు వరసగా ఉన్నాయి. కార్డు రెండు సెకన్ల పాటు జవాబివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేసి మళ్లీ నడిపిస్తుంది. ఆ సంగతే అక్కడ నమోదవుతుంది. అది చూసి కార్డు పోయిందని తేల్చేయకూడదు. డ్రైవర్ (విండోస్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) పాడైనా, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) నుంచి కరెంటు సరిగా అందకపోయినా ఇదే వస్తుంది. అందుకే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్‌ను మొత్తం తీసేసి కొత్తది వేశాను. బ్లోయర్‌తో దుమ్ము కొట్టాను. ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకునే కొట్టాలి, గాలికి అడ్డదిడ్డంగా తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. ర్యామ్‌కు మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష రాత్రంతా పెట్టాను, ఒక్క ఎర్రర్ లేదు. కార్డు వేడి పని ఎక్కువ ఉన్నప్పుడు కూడా 70 డిగ్రీల దగ్గరే ఉంది. కాబట్టి ఎండలు కారణం కాదు.

తర్వాత గళ్లు మొదలయ్యాయి. తిరుచానూరులో జరిగిన పెళ్లి, తలంబ్రాల ఘట్టం. పెళ్లికూతురు ముఖం మీద ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో చిన్న చిన్న చతురస్రాలు, చదరంగం బల్ల పరిచినట్టు. మానిటర్ పోయిందేమోనని ఇంట్లో టీవీకి కలిపాను, కేబుల్ మార్చాను, అవే గళ్లు. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపుకుని చూశాను, అందులోనూ ఉన్నాయి. ఇది ముఖ్యమైన పరీక్ష, ఎవరైనా చేసుకోవచ్చు. తప్పు మానిటర్‌లోనో కేబుల్‌లోనో ఉంటే స్క్రీన్‌షాట్ శుభ్రంగా వస్తుంది. గళ్లు స్క్రీన్‌షాట్‌లోకే వచ్చాయంటే బొమ్మ తయారయ్యే చోటే తప్పుంది. ఇంకొకటి కూడా చేశాను. ప్రీమియర్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్‌ను ‘సాఫ్ట్‌వేర్ ఓన్లీ’ అని మార్చి, ఎన్‌కోడింగ్ కూడా సాఫ్ట్‌వేర్‌కే పెట్టి, అంటే కార్డును వాడకుండా ప్రాసెసర్‌తోనే, ఆ తలంబ్రాల ముక్కనే ఎక్స్‌పోర్ట్ చేశాను. ప్రాసెసర్ చేసిన ఫైలును ఫోన్‌లో చూస్తే అద్దంలా ఉంది. కార్డుతో చేసిన ఫైలులో గళ్లు ఉన్నాయి.

చివరగా ఆఫ్ చేసి ఆన్ చేస్తూ డిలీట్ కీ నొక్కి, విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్ బయోస్‌లోకి వెళ్లాను. అక్కడా నిలువు గీతలు, గళ్లు. బయోస్‌లో విండోస్ ఉండదు, విండోస్ డ్రైవర్ ఉండదు. ఇక ఆ రెండింటి మీద అనుమానం పెట్టుకోవాల్సిన పనే లేదు. మిగిలింది కార్డు, దాని స్లాట్, కరెంటు.

కార్డు తీసేసి చూద్దామంటే కుదరదు. నాది పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్. ఎఫ్ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండవు, కార్డు లేకపోతే స్క్రీనే రాదు. కాబట్టి ఇంకో కార్డు పెట్టి చూడాలి. పది నిమిషాల పని. దాని కోసమే షాపుకు వెళ్లాను.

షాపు పేరు రాయను, వీధి కూడా రాయను. గేమింగ్ కంప్యూటర్లు అద్దాల వెనక రంగు రంగుల లైట్లతో పెట్టిన పెద్ద షాపు. “అన్నా, ఇంకో కార్డు పెట్టి ఒక్కసారి చూడండి చాలు, ఆ టైముకు డబ్బులు ఇస్తాను” అన్నాను. “అదంతా మేం చూసుకుంటాం సామీ, సీపీయూ పెట్టి పొండి” అన్నాడు ఓనరు. నేను పక్క ప్యానెల్ మీద తెల్లకాగితం అతికించి స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి ఇచ్చాను: ‘సీ డ్రైవ్ ఫార్మాట్ చేయవద్దు.’

సాయంత్రం వెళ్లేసరికి కాగితం అలాగే ఉంది. సీ డ్రైవ్ మాత్రం ఫార్మాట్ అయిపోయింది. అను తెలుగు ఫాంట్లు, ప్లగిన్లు, ఏళ్లుగా చేసి పెట్టుకున్న కలర్ ప్రీసెట్లు అన్నీ పోయాయి. పెళ్లి ఫుటేజ్ వేరే డిస్క్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. “విండోస్ కరప్ట్ అయింది, కొత్తది వేసినాం, ఇప్పుడు స్మూత్‌గా ఉంది చూడండి” అని ఖాళీ డెస్క్‌టాప్ చూపించాడు. ఖాళీ డెస్క్‌టాప్ మీద కార్డుకు పనేముంటుంది? రీస్టార్ట్ చేసి బయోస్ చూపించమంటే ఇంకో కస్టమర్ వైపు తిరిగాడు. డబ్బులు కట్టి తెచ్చుకున్నాను. ఇంట్లో ప్రాజెక్ట్ తెరవగానే మళ్లీ గళ్లే.

మళ్లీ తీసుకెళ్తే ఈసారి ఎస్ఎంపీఎస్ అన్నారు. “ఈ ఎండలకు వోల్టేజ్ పడిపోతుంది” అన్నారు. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉంటే చాలు. మల్టీమీటర్ పెట్టి కొలవమంటే కొలవలేదు. కొత్త ఎస్ఎంపీఎస్ బిల్లు వేసి, పాతది ఎక్స్ఛేంజ్ అని ఉంచేసుకున్నారు. గళ్లు పోలేదు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బయోస్‌లో వచ్చిన గీతలను ఫోన్‌తో ఫొటో తీసి, వీడియో కూడా తీసి పట్టుకెళ్లాను. షాపులో ఇంజినీరింగ్ పిల్లలు ఏడెనిమిది మంది ఉన్నారు. ఓనరు నా ఫోన్ తీసుకుని వాళ్లకు చూపిస్తూ, “కెమెరాతో స్క్రీన్ తీస్తే అట్లాగే గీతలు వస్తాయప్పా, రిఫ్రెష్ రేటు అంటారు దాన్ని” అన్నాడు. కెమెరాకు వచ్చే గీతలు మసకగా, పట్టీల్లా పైకీ కిందికీ కదులుతుంటాయి. రంగు గళ్లు ఒకే చోట కదలకుండా నిలబడవు. నేను ఆ మాట చెప్పి, వీడియో మళ్లీ పెట్టి, స్క్రీన్‌షాట్ కూడా తీసి చూపించబోయాను. “ఏమప్పా, పెళ్లి వీడియోలు చేసుకునేవాళ్లు కూడా యూట్యూబ్ చూసి ఇంజినీర్లయితే మేమెందుకు ఇక్కడ?” అన్నాడు. పిల్లలు నవ్వారు. నా కొడుకు వయసు పిల్లలు. నేను నిలబడే ఉన్నాను, నా ఫోన్ ఇంకా అతని చేతిలోనే ఉంది.

పెళ్లి వీడియోలు చేసుకునేవాడినే. ఈ ఊళ్లో కలర్ కరెక్షన్ అంటే ఎంతోమంది ఫొటోగ్రాఫర్లు నా దగ్గరికే వస్తారు. పసుపు చీరకూ గంధం రంగు చీరకూ తేడా చీకట్లో అయినా చెబుతాను. స్క్రీన్ మీద రంగు తప్పితే ముందు తెలిసేది నాలాంటి వాడికే. ఆఖరికి అతను తేల్చింది మదర్‌బోర్డు పోయిందని. ఆ మోడల్ బోర్డు ఇప్పుడు రాదు కాబట్టి ప్రాసెసర్, ర్యామ్‌తో సహా మార్చాలని కొటేషన్ రాసిచ్చాడు. ఇంకో కార్డు పెట్టి చూడమన్న నా మాట మాత్రం చివరి దాకా వినలేదు. “కొత్త కార్డు సీల్ తీస్తే మీరే కొనాలి” అన్నాడు. సీపీయూ భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాలాంటి వాళ్ల డిస్కుల్లో ఊళ్లోవాళ్ల ఆడపిల్లల పెళ్లిళ్లు ఉంటాయి. వాళ్లు మమ్మల్ని నమ్మి ఇచ్చినవి. షాపుకు ఇచ్చే ముందు డిస్కులు విప్పి ఇంట్లో పెట్టుకోండి, విండోస్ ఉన్న డిస్కు కూడా. కార్డు పరీక్షకు బయోస్ స్క్రీన్ చాలు, డిస్కుతో పనిలేదు. ‘ఫార్మాట్ చేయము’ అని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే వెనక్కి తెచ్చేయండి.

బాలాజీ కాలనీలో డీటీపీ షాపు నడిపే తమ్ముడొకడు ఉన్నాడు. సంగతి చెబితే, “రాన్నా, నా దాంట్లోది తీసి పెడదాం” అన్నాడు. అతనిది 2 జీబీ పాత కార్డు, వేరే పవర్ వైరు కూడా అక్కర్లేదు. అది నా కంప్యూటర్‌లో పెట్టాం: బయోస్ శుభ్రం, ప్రాజెక్ట్ శుభ్రం. నా కార్డు అతని కంప్యూటర్‌లో పెట్టాం: కంపెనీ లోగో దగ్గరే గీతలు. టీ చల్లారేలోపు అయిపోయింది. ఇలా అటూ ఇటూ రెండువైపులా చూస్తేనే స్లాట్, బోర్డు, ఎస్ఎంపీఎస్ మీద అనుమానం పోతుంది. ఓసీసీటీ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు మెమరీ టెస్టు పెడితే ఎర్రర్లు వందల్లో ఎగబాకాయి. అక్కడ ఒక్కటి వచ్చినా మెమరీని అనుమానించాల్సిందే.

వారంటీ దాటిపోయింది. ఒకాయన హీట్ గన్‌తో కాల్చి ఇస్తానన్నాడు, వద్దన్నాను. అలా కాలిస్తే కొన్నాళ్లు పనిచేసినట్టే ఉండి మళ్లీ పోతుంది, పక్క చిప్పులు కూడా దెబ్బతినవచ్చు. కార్డును అట్టపెట్టెలో పెట్టుకుని సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లాను. సెంట్రల్‌లో దిగి, మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో చిప్ లెవల్ పని (కార్డు మీది చిప్పులను విడిగా మార్చే పని) చేసే ఒకతని దగ్గరికి. అతను ముందు నేను చెప్పింది మొత్తం విన్నాడు. ఫోన్‌లో ఫొటో చూసి, “మెమరీ సార్” అన్నాడు. టెస్ట్ బెంచ్ మీద పెట్టి, కార్డులోని ఆరు చిప్పుల్లో ఏది తప్పు చూపిస్తుందో స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు. ఆ ఒక్క చిప్ మార్చాడు. కొత్త కార్డు ధరలో నాలుగో వంతు కూడా కాలేదు.

ఇంటికి వచ్చి ఓసీసీటీ గంటసేపు పెట్టాను, సున్నా ఎర్రర్లు. తిరుచానూరు పెళ్లి రెండర్ అయింది, పొద్దున్నే పెళ్లివాళ్లు వచ్చి పెన్ డ్రైవ్ తీసుకెళ్లారు. నా పాత ఎస్ఎంపీఎస్ ఆ షాపులోనే ఉంది. బిల్లు పట్టుకుని సోమవారం వెళ్తాను, అది తీసుకోకుండా మెట్లు దిగను. నేను కూడా ఒక 2 జీబీ పాత కార్డు కొని బీరువాలో పెట్టాను. తిరుపతిలో నా వృత్తివాళ్లు ఎవరికైనా ఇలా గళ్లు వస్తే వచ్చి తీసుకెళ్లి పెట్టి చూసుకోండి, డబ్బులేమీ అక్కర్లేదు.