స్వార్త్సెంగిలో రాగి గుళికలు

కెఫ్లావిక్ విమానాశ్రయం నుంచి కారులో స్వార్త్సెంగికి అరగంట కూడా పట్టలేదు. దారి పొడవునా గడ్డకట్టిన నల్లటి లావా, దాన్ని కప్పేసిన నాచు, దూరంగా పైకి లేస్తున్న తెల్లటి ఆవిరి. 2018 వేసవి అది. ఐస్‌లాండ్‌లోని ఈ మూలకి వచ్చేవాళ్లు ఎక్కువమంది బ్లూ లగూన్‌లో స్నానానికి వస్తారు. ఆ నీలం నీళ్లు పక్కనున్న భూతాప విద్యుత్ కేంద్రం వదిలినవే. నేనూ, ఉత్ప్రేరకాల మీద, అంటే రసాయన చర్యల్ని వేగంగా జరిగేలా చేసే పదార్థాల మీద, పరిశోధన చేసే నా స్నేహితురాలూ మాత్రం ఆ కేంద్రాన్ని ఆనుకుని ఉన్న మిథనాల్ (ఇంధనంగా వాడగల ఒక రకం ఆల్కహాల్) ప్లాంటు కోసం వెళ్లాం.

కార్బన్ రీసైక్లింగ్ ఇంటర్నేషనల్ సంస్థ కట్టిన ఈ ప్లాంటుకి జార్జ్ ఓలా పేరు పెట్టారు. 1994లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఓలా, పెట్రోలు, డీజిల్‌కి బదులు మిథనాల్ వాడవచ్చని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాడు. మేం వెళ్లిన రోజుల్లో, భూమిలోంచి ఆవిరితోపాటు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని ఇక్కడ పట్టుకునేవాళ్లు. నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసేవాళ్లు. రెండింటినీ కలిపి ఏడాదికి 4,000 టన్నుల మిథనాల్ తీయగల ప్లాంటు ఇది.

కంచె బయటి నుంచి చూస్తే పైపులు, ట్యాంకులు, పొడవాటి స్వేదన స్తంభం కనిపించాయి. అసలు పని జరిగేది కంటికి కనిపించదు. మా స్నేహితురాలు బ్యాగులోంచి చిన్న గాజు సీసా తీసి, అందులోని గుళికల్ని నా అరచేతిలో పోసింది. ఇలాంటి ప్లాంట్ల రియాక్టర్లలో, అంటే వాయువులు కలిసి మిథనాల్ అయ్యే పాత్రల్లో, ఉత్ప్రేరకంగా నింపే రకమేనట. నల్లగా, పొట్టి పెన్సిల్ ముక్కల్లా ఉన్నాయి.

"ఇందులో రాగి ఎక్కడుంది?" అన్నాను.

"ఇప్పుడది ఆక్సైడ్ కదా, అందుకే నలుపు. రియాక్టర్లో వేడి మీద హైడ్రోజన్ తగిలితే రాగి అవుతుంది. ఆ తర్వాత బయటికి తీశావో, గాలి తగిలి అదే వేడెక్కిపోతుంది" అంది.

రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కలిసిన గుళికలవి. కార్బన్ డయాక్సైడ్ మొండి అణువు, తేలిగ్గా లొంగదు. నికెల్ మీద హైడ్రోజన్‌తో కలిస్తే ఆక్సిజన్ మొత్తం పోగొట్టుకుని మీథేన్ అయిపోతుంది. రాగి మీదైతే చివరి కార్బన్-ఆక్సిజన్ బంధం తెగకుండా మిగులుతుంది, అదే మిథనాల్. ఎక్కడ ఆగాలో తెలిసిన లోహమని నాకు రాగి మీద ప్రత్యేకమైన గౌరవం.

కష్టాలూ ఉన్నాయి. సుమారు 250 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి 50 రెట్లో అంతకంటే ఎక్కువో ఒత్తిడి కావాలి. వేడి మరీ పెంచితే మిథనాల్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. ఒక్కసారి పంపితే కొంత వాయువే మారుతుంది కాబట్టి మిగిలినదాన్ని మళ్లీ మళ్లీ తిప్పాలి. పైగా ఒక్కో మిథనాల్ అణువుతోపాటు ఒక నీటి అణువు కూడా పుడుతుంది. అంత ఖర్చు పెట్టి తీసిన హైడ్రోజన్‌లో మూడో వంతు అక్షరాలా నీళ్లపాలే. ఆ నీటి ఆవిరి ఊరుకోదు, సన్నటి రాగి రేణువుల్ని ఒకదానికొకటి అతుక్కునేలా చేసి ఉత్ప్రేరకం చురుకుదనాన్ని తగ్గిస్తుంది. కొత్త లోహం కోసం వెతుకులాట ఎంత ముఖ్యమో, రాగి రేణువుల్ని విడివిడిగా నిలబెట్టడం కూడా అంతే ముఖ్యమని నా గట్టి నమ్మకం. హైడ్రోజన్ చవగ్గా రాకపోతే ఈ రెండూ చాలవు. భూమి వేడితో, జలపాతాలతో కరెంటు తీసే దేశంలో ఈ ప్లాంటు మొదలవడానికి కారణం అదే.

ఇదే సంస్థ సాంకేతికతతో చైనాలోని ఆన్యాంగ్‌లో 2022లో ఇంకా పెద్ద ప్లాంటు నడక మొదలుపెట్టింది. దాని సామర్థ్యం ఏడాదికి 1,10,000 టన్నులు. అక్కడికీ వెళ్లాలని ఉంది. వెళితే ముందుగా అడిగేది గుళికల గురించే: ఒకసారి నింపినవి ఎన్నేళ్లు పనిచేస్తున్నాయి, నీటి దెబ్బని ఎలా తట్టుకుంటున్నాయి అని.