బ్లర్ చేయాలనుకుంటే మొహమాటపడకండి

బ్లర్ అయిన ఫోటోలంటే నాకు చాలా ఇష్టం. ఈ మాట అనగానే ఎవరో ఒకరు "అలాగైతే ఫోకస్ తప్పిన ప్రతి ఫోటోనూ ఆర్ట్ అనేయొచ్చుగా" అంటారు. అనడంలో తప్పేం లేదు. బ్లర్ పేరుతో కనిపించే ఫోటోల్లో చాలావాటిని చూసినప్పుడు, తీసినవాళ్లు కావాలనే అలా తీశారా లేక చెయ్యి కదిలిందా అని నాకూ అనుమానం వస్తుంది, ఒకసారి ఆ అనుమానం వచ్చిందంటే ఇక ఫోటో మీద మనసు నిలవదు. నేను గమనించినంతలో ఈ అనుమానం ఎక్కువగా పుట్టేది బ్లర్ సరిపోని ఫోటోల్లోనే. కొంచెం కదిపి, పాడైపోతుందేమోనని భయపడి ఆగిపోయిన చోట.

నిటారుగా పెరిగిన చెట్లు వరుసగా ఉన్న చోటు దొరికితే ఈ తేడా మీరే చూడొచ్చు. షట్టర్ స్పీడ్ (కెమెరాలోకి వెలుతురు వచ్చే సమయం) 1/60 సెకను పెట్టి, కెమెరాను కింది నుంచి పైకి కదుపుతూ నొక్కండి. కాండాల అంచులు చెదిరిపోతాయి, ఆకులు ముద్దకట్టినట్టు ఉంటాయి, చూడగానే పాడైన ఫోటో అనిపిస్తుంది. అక్కడే నిలబడి షట్టర్‌ను 1/4కో, అర సెకనుకో తెచ్చి మళ్లీ అలాగే కదపండి. బెరడు గరుకుతనం, కొమ్మల చిక్కు, నేల మీది ఎండుటాకులు అన్నీ పోయి నిలువు గీతలు మాత్రం మిగులుతాయి, వాటి సందుల్లో ఆకుపచ్చా ఆకాశపు తెలుపూ ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి, అయినా అవి చెట్లేనని ఎవరూ చెప్పక్కర్లేదు. చెట్టు పెరిగిన దిక్కులోనే కెమెరా కూడా కదిలింది కాబట్టి ఆకారం నిలబడింది. సముద్రమైతే అడ్డంగా కదపాలి, అక్కడి గీతలన్నీ అటే ఉంటాయి. గీతకు ఎదురుగా వెళ్తే ఆకారమే చెరిగిపోతుంది; ఉత్త రంగులే కావాలనుకుంటే అదీ మంచిదే, కానీ తెలిసి చేయాలి.

బటన్ నొక్కాక కదపడం మొదలుపెడితే మాత్రం కుదరదు. కదలిక ముందే మొదలవ్వాలి, షట్టర్ మూసుకున్నాక కూడా కొనసాగాలి. లేదంటే కెమెరా ఆగి ఉన్న ఆ తొలి క్షణం గట్టిగా అచ్చుపడి, మిగతా బ్లర్ దానికి తగిలించినట్టు వస్తుంది.

ఇక వెలుతురు లెక్క. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) చాలా చిన్నదైన ఎఫ్/22 పెట్టినా షట్టర్ సుమారు 1/50 దగ్గరే ఆగిపోతుంది, అంటే సరిగ్గా ఆ అరకొర బ్లర్ దగ్గర. లెన్స్ ముందు వెలుతురు తగ్గించే ముదురు గాజు, అంటే ఎన్‌డీ ఫిల్టర్, మూడు స్టాప్‌లది (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది) వేస్తే 1/6కి దిగుతుంది, ఆరు స్టాప్‌లదైతే సెకను దాటుతుంది. ఒకటే కొనాలంటే ఆరు స్టాప్‌లదే కొనమంటాను. పదిస్టాప్‌లది ట్రైపాడ్ మీద పెట్టి నీళ్లను పొగలా తీయడానికి బాగుంటుంది, చేత్తో కదుపుతూ తీసేదానికి అంత అక్కర్లేదు. ఎఫ్/22లో ఇంకో చిక్కు ఉంది: సెన్సర్ మీద దుమ్ము. కెమెరా ఎంత ఊపినా దుమ్ము సెన్సర్‌తో పాటే కదులుతుంది కాబట్టి, ఫ్రేమ్‌లో అన్నీ కరిగిపోయినా ఆ చుక్కలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి, నున్నటి రంగుల మధ్య ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తీసే ముందు సెన్సర్ శుభ్రం చేసుకోండి.

ప్యానింగ్‌లోనూ తెగింపే కావాలి. సైకిల్ తొక్కుతూ వెళ్లే మనిషితో పాటు కెమెరా తిప్పుతూ 1/30లో తీస్తే మొహం స్పష్టంగా, వెనకంతా అడ్డగీతలుగా వస్తుంది. చక్కగా ఉంటుంది, అందరూ మెచ్చుకుంటారు. 1/8కి దిగి చూడండి. మొహం పోతుంది, చక్రాలు వలయాలైపోతాయి, పాదాలు గుండ్రంగా తిరిగిన దారి ఒక మరకలా మిగులుతుంది, కానీ వంగిన వీపు మాత్రం అలాగే ఉండి, ఆ మనిషి ఎంత బలంగా తొక్కుతున్నాడో మొదటి ఫోటో కంటే ఇదే ఎక్కువ చెబుతుంది. 1950లలో ఫోటోగ్రాఫర్ ఎర్న్‌స్ట్ హాస్ ఎద్దుల పోరాటాలను కలర్‌లో తీసింది ఈ దారిలోనే: నిదానమైన షట్టర్, ఎరుపూ నలుపూ కలిసి తిరుగుతూ. అందులో ఎవరి మొహమూ గుర్తుపట్టక్కర్లేదు. కెమెరాలో స్టెబిలైజేషన్‌కు (చేతి వణుకును సరిచేసే ఏర్పాటుకు) ప్యానింగ్ మోడ్ ఉంటే అది పెట్టుకోండి, లేకపోతే ఆపేయండి.

సాఫ్ట్ ఫోకస్ దీనికి పూర్తిగా వేరే సంగతి. చాలామంది దీన్ని ఫోకస్ తప్పడంతో కలిపేస్తారు. ఫోకస్ తప్పిన ఫోటోలో ఎక్కడా స్పష్టమైన గీత ఉండదు. సాఫ్ట్ ఫోకస్‌లో కింద స్పష్టమైన బొమ్మ ఉంటుంది, దాని మీద వెలుగు పలచగా పరుచుకుంటుంది. లెన్స్ అంచుల గుండా వచ్చే కిరణాలు, మధ్య నుంచి వచ్చే కిరణాలు ఒకే చోట కలవకపోతే ఇలా జరుగుతుంది. మామూలు లెన్స్‌లో దీన్ని లోపంగా చూసి సరిదిద్దుతారు, సాఫ్ట్ ఫోకస్ లెన్స్‌లో కావాలనే వదిలేస్తారు. అందుకే అలాంటి లెన్స్‌లో అపెర్చరే మసకను నడిపే మీట. పూర్తిగా తెరిస్తే కాంతి పొంగిపొర్లుతుంది, ఎఫ్/5.6, ఎఫ్/8కి వెళ్లేసరికి అంచు కిరణాలు ఆగిపోయి బొమ్మ దాదాపు మామూలుగా అయిపోతుంది. 1930ల నాటి రోడెన్‌స్టాక్ ఇమాగాన్ లెన్స్‌కైతే చుట్టూ చిన్న చిన్న రంధ్రాలున్న బిళ్లలు ఇచ్చేవారు. మధ్య రంధ్రం స్పష్టమైన బొమ్మనిస్తే, చుట్టూ ఉన్నవి మసకను కలిపేవి, వాటిని తెరిచీ మూసీ ఎంత కావాలో అంత కలుపుకోవచ్చు. ఎంత తెలివైన పనిముట్టో!

కిటికీ పక్కన కూర్చున్న మనిషిని ఇలా తీసి దగ్గరగా చూడండి. కంటి రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగానే ఉంటాయి, కానీ కంట్లో మెరిసే చుక్క చుట్టూ వెలుగు వలయం ఉంటుంది, చెంప మీద వెలుతురు పడిన అంచు నీడలోకి పాకుతుంది. అంటే సాఫ్ట్ ఫోకస్ బతికేది హైలైట్స్ మీద, బాగా మెరిసే చోట్ల మీద. మబ్బు పట్టిన చదునైన వెలుతురులో దీన్ని వాడితే పాకడానికి వెలుగే ఉండదు, ఫోటో వెలిసిపోయినట్టు వస్తుంది. మెరిసేది ఏదో ఒకటి ఫ్రేమ్‌లో ఉండాలి: తడి జుట్టు, గాజు, వెనక నుంచి పడే ఎండ, ఏదైనా సరే.

మసక కావాలా, స్పష్టత కావాలా అనే ఈ గొడవ కొత్తదేం కాదు. ఫోటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ కలకత్తాలో పుట్టి, 48 ఏళ్ల వయసులో, 1863లో మొదటి కెమెరా అందుకున్నారు. ఫోకస్ చేస్తూ ఉండగా తన కంటికి ఎక్కడ అందంగా కనిపిస్తే అక్కడే ఆపేసేదాన్నని, ఇంకా స్పష్టంగా వచ్చేవరకూ తిప్పేదాన్ని కాదని తర్వాత రాసుకున్నారు. ఫోటోగ్రఫీ పత్రికలవాళ్లు ఆమెకు పనే రాదన్నారు. ఏది సరైన ఫోకసో చెప్పే హక్కు ఎవరికుందని ఆమె 1864లోనే శాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌కు ఉత్తరంలో రాశారు. తర్వాతి తరాల్లో ఈ మసక అందరికీ అలవాటైపోయి, ఏ బొమ్మకైనా పైపూతగా వాడటం మొదలైంది, దానికి విసిగిపోయి 1932లో ఫోటోగ్రాఫర్లు ఎడ్వర్డ్ వెస్టన్, యాన్సెల్ ఆడమ్స్ వాళ్లు ఎఫ్/64 అని గ్రూపు పెట్టి, ప్రతి అంగుళం స్పష్టంగా ఉండాలన్నారు. నేను కామెరాన్ పక్షమే. కానీ వెస్టన్ వాళ్ల విసుగూ న్యాయమైనదే: మొహం మీది ముడతలు దాచడానికి, బలహీనమైన ఫ్రేమ్‌ను తియ్యగా చేయడానికి మసక వాడితే ఎవరికైనా చిరాకొస్తుంది.

తర్వాత కంప్యూటర్లో చేసుకుంటే సరిపోదా అంటే, పూర్తిగా సరిపోదు. దీపం దాని పక్క గోడ కంటే ఎన్నో రెట్లు ప్రకాశంగా ఉంటుంది, లెన్స్‌లో ఆ అసలు ప్రకాశమే చుట్టూ వ్యాపిస్తుంది. ఫైల్లోకి వచ్చేసరికి ఆ దీపం తెల్లగా కొట్టుకుపోయి, పక్కనున్న తెల్లకాగితంతో సమానమైపోతుంది, అప్పుడు దాన్ని బ్లర్ చేస్తే బూడిదరంగు మచ్చ మిగులుతుంది. సాఫ్ట్ ఫోకస్ లెన్స్ కొనలేనివాళ్లకు, వెలుగును పరిచే డిఫ్యూజన్ ఫిల్టర్ ఉంది. అదీ వద్దంటే పాత యూవీ ఫిల్టర్ అంచుల్లో పలచగా వ్యాజిలిన్ రాసి, మధ్యలో ఖాళీ వదలండి. లెన్స్ మీద నేరుగా మాత్రం రాయకండి, కోటింగ్ పాడవుతుంది. ఫోన్లోని పోర్ట్రెయిట్ మోడ్ చేసేది వేరు, అది మనిషిని కత్తిరించి వెనకది మసక చేస్తుంది. ఫోనుతో ఆడుకోవాలంటే ప్రో మోడ్‌లో షట్టర్ తగ్గించి సాయంత్రం వెలుతురులో ఊపడం, లేదా వాన పడుతున్న అద్దం గుండా తీయడం చాలా మెరుగు.

తీసినవాటిలోంచి ఏరేటప్పుడు నేను వాటిని స్క్రీన్ మీద గోరంత సైజుకు తగ్గించి చూస్తాను. అంత చిన్నగా ఉన్నా ఒక ఆకారం, ఒక దిక్కు తెలిస్తే ఉంచుతాను. పెద్దది చేస్తే తప్ప ఏమీ తెలియకపోతే, రంగులు ఎంత బాగున్నా తీసేస్తాను. ఉంచినవాటికి, అంచులను పదును చేసే షార్పెనింగ్, క్లారిటీ రెండూ సున్నాకు తెస్తాను. కొన్ని సాఫ్ట్‌వేర్లు మనం అడగకుండానే కాస్త షార్పెనింగ్ కలిపేస్తాయి కాబట్టి, ఒకసారి మీ సెట్టింగ్ కూడా తెరిచి చూసుకోండి.