కొజ్లోవ్‌స్కీ వేసిన వెర్రివాడి వేషం

పద్యనాటకాలకు హార్మోనియం పట్టుకు తిరిగినవాణ్ణి కాబట్టి నాకొక చాదస్తం ఉంది. గాయకుడి గొంతు ఎంత పైకి పోతుందో కాదు, పోగలిగీ ఎక్కడ ఆగాడో చూస్తాను. పద్యం చివర రాగం అందుకున్నాక జనం ఒన్స్‌మోర్ కొడితే, హరిశ్చంద్రుడు కాటిలో ఉన్న సంగతే మర్చిపోయిన నటుల్ని చాలామందినే చూశాను.

ఉక్రెయిన్ టెనర్ (పైస్థాయి మగగొంతు గాయకుడు) ఇవాన్ కొజ్లోవ్‌స్కీకి కూడా ఆ జబ్బు లేకపోలేదు. పైస్వరం చేతికి చిక్కితే ఓ పట్టాన వదలడు. కొన్ని పాత రికార్డులు వింటుంటే ‘ఇక చాల్లే బాబూ’ అనిపిస్తుంది. అలాంటి మనిషి రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) ‘బోరిస్ గొదునోవ్’లో వెర్రివాడి వేషం కట్టాడు. రష్యాలో జనం దేవుడి మనిషిగా చూసే రకం వెర్రివాడు. అంత పెద్ద ఒపెరాలో ఆ పాత్ర కనిపించేది కాసేపే.

చర్చి ముందు జనం మూగి ఉంటారు. పోకిరి పిల్లలు ఈ వెర్రివాడి దగ్గరున్న ఒకే ఒక్క కోపెక్ నాణెం లాక్కుంటారు. ఇంతలో జార్ చక్రవర్తి బోరిస్ బయటికొస్తాడు. వెర్రివాడు ఏడుస్తూ అడుగుతాడు: చిన్న యువరాజును చంపించావుగా, వీళ్లనీ అలాగే చంపించు! భటులు పట్టుకోబోతే బోరిస్ వారించి, నాకోసం ప్రార్థన చెయ్యమంటాడు. కుదరదంటాడు వాడు. బైబిల్లో పసిపిల్లల్ని చంపించిన హెరోదు రాజు లాంటివాడి కోసం ప్రార్థించడానికి దేవమాత ఒప్పుకోదట.

ఇక్కడ కొజ్లోవ్‌స్కీ అరవడు. గొంతులో ఉన్న సొగసంతా పక్కన పెట్టేసి, సన్నగా, నీరసంగా పాడతాడు. చివర్లో రష్యా కోసం ఏడ్చే పాటలో వాద్యాలు పక్కపక్కనున్న రెండు స్వరాల మధ్య మూలుగుతూ ఉంటాయి. ఆయన వాటి మీద ఒక్క గమ్మత్తు కూడా చెయ్యడు. 1954లో వెరా స్త్రోయెవా ఇదే ఒపెరాను తీసిన సినిమాలోనూ ఈ వేషం ఆయనదే. అప్పటికి యాభై దాటినా గొంతులో ఆ పసితనం పోలేదు.

ఇందులో నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి ఒకటుంది. ఇదే పాత్రకు 1949లో ఆయనకు స్టాలిన్ బహుమతి ఇచ్చారు. రాజును హంతకుడని మొహం మీదే అన్న వేషానికి స్టాలిన్ పేరిట బహుమతి! ఆ కమిటీలో ఎవరికీ ఏమీ తట్టలేదా, తట్టినా నోరు కట్టేసుకున్నారా?

ఆయన పుట్టింది 1900లో, కీవ్ దగ్గర మర్యానివ్కా అనే పల్లెలో. చిన్నప్పుడే కీవ్‌లోని సెయింట్ మైకేల్ మఠానికి పంపారు. అక్కడి బృందగానంలోనే గొంతు పదునెక్కింది. బంగారు గుమ్మటాల ఆ మఠం గుడిని 1930లలో సోవియట్ ప్రభుత్వమే కూలగొట్టింది. మళ్లీ కట్టేనాటికి ఈయన లేడు, 1993లోనే పోయాడు. మఠం తర్వాత సంగీత గురువు ఒలెనా మురవ్యోవా దగ్గర శిక్షణ, ఎర్రసైన్యంలో ఉంటూనే పొల్తావాలో పాటలు, ఖార్కివ్, స్వెర్డ్‌లోవ్‌స్క్ ఒపెరాలు, 1926లో మాస్కోలోని బొల్షోయ్ థియేటర్.

బొల్షోయ్‌లో ఆయనకు పోటీ ఇంకో టెనర్, సెర్గేయ్ లెమెషెవ్. మాస్కో ఆడపిల్లలు రెండు పార్టీలుగా చీలిపోయి కొట్టుకునేవారట. ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల గొడవలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరికీ పేరు తెచ్చిన పాత్ర ఒకటే, చైకోవ్‌స్కీ ఒపెరా ‘యెవ్‌గెనీ అనేగిన్’లో కుర్రకవి లెన్‌స్కీ. నా ఓటు ఆ పాత్ర వరకు లెమెషెవ్‌కే. తిట్టదలచుకున్నవాళ్లు కామెంట్లలో తిట్టుకోవచ్చు.

1954లో బొల్షోయ్ వదిలాక కూడా కచేరీలు మానలేదు. మెడకు మఫ్లర్ చుట్టుకుని గొంతును కాపాడుకుంటూ ముసలితనంలోనూ పాడాడు. 1956 నుంచి 1980 దాకా మాస్కో కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పాఠాలు చెప్పాడు. నాకు అంతకంటే నచ్చింది 1970 నాటి పని. సొంతూరు మర్యానివ్కాలో పిల్లలకు సంగీత పాఠశాల పెట్టించాడు. ఊరి పిల్లాడికి పాట నేర్చుకోవాలని ఉంటే మఠం దాకా పోనక్కర్లేకుండా.

ఒపెరా అంటే బెదిరేవాళ్లు ఆయన పాడిన ఉక్రెయిన్ పాట ‘దివ్‌ల్యూస్ యా నా నేబో’తో మొదలుపెట్టండి. ఆకాశం చూస్తూ, నేను డేగనెందుకు కాలేదు, నాకు రెక్కలెందుకు లేవు అని వాపోయేవాడి పాట. 1962లో వొస్తోక్-4 వ్యోమనౌకలో వెళ్లిన సోవియట్ వ్యోమగామి పావ్లో పొపోవిచ్ ఈ పాటనే అంతరిక్షంలో పాడాడు. ఆయనా ఉక్రెయిన్‌వాడే. కొజ్లోవ్‌స్కీ రికార్డింగ్ యూట్యూబ్‌లో దొరుకుతుంది, కాస్త గరగరలాడుతుంది, సర్దుకోండి.