పొగ ఉన్నదా, లేనిదా

బావ దుబాయ్ నుంచి తెచ్చిన రెండు స్కాచ్ విస్కీలు నిన్న రాత్రి విజయనగరంలో మా డాబా మీద పక్కపక్కన పెట్టి రుచి చూశాం. గ్లెన్‌ఫిడిక్ 12 (అంకె అంటే పీపాల్లో ఊరిన ఏళ్లు) స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతానిది. పియర్ పండు వాసన, కాస్త తీపి, ఎవరికైనా నచ్చేస్తుంది. అంతే.

లఫ్రోయిగ్ 10 కథ వేరు. స్కాట్లాండ్‌లోనే ఐలా అనే దీవిది. అక్కడ పీట్ (చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడిన మట్టి) కాల్చి మొలకెత్తిన బార్లీకి ఆ పొగ పట్టిస్తారు. మూత తీయగానే బావ ముఖం చిట్లించి "ఇది అయోడిన్ సీసా కాదు కదరా?" అన్నాడు. నాలుగు చుక్కల నీళ్లు వేశాక మెల్లగా తీపి బయటపడింది, చివర్లో ఉప్పదనం. నా ఓటు దీనికే. బావ సోడా కలపకుండా ఆపడమే పెద్ద పనైంది!

నంజుకోవడానికి పలాస జీడిపప్పు చాలు. కారం బూందీ తింటే గ్లెన్‌ఫిడిక్ రుచే తెలియట్లేదు.