ఆయాసం రక్తం తక్కువై కాదు

వంటింట్లోంచి వసారాలోకి వచ్చేసరికి రొప్పు వచ్చేది. పోయినేడు మే నెల సంగతి ఇది. అనంతపురంలో ఎండ 42 డిగ్రీలు దాటింది. నాకు రోజుకు పది పన్నెండు సార్లు రక్తంతో విరేచనాలు. అల్సరేటివ్ కొలైటిస్ నాకు తొమ్మిదేళ్లుగా ఉంది. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడే జబ్బు ఇది, కొన్నాళ్లు అణిగి ఉండి ఉన్నట్టుండి తిరగబెడుతుంది. అందుకే ఆయాసం వస్తే రక్తం పోయి నీరసపడ్డానని ఇంట్లో అందరం అనుకున్నాం. చూపించుకున్న డాక్టరు కూడా అదే అన్నారు. హిమోగ్లోబిన్ 8.6 ఉంది, ఐరన్ ఎక్కిస్తే సర్దుకుంటుందని పంపేశారు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు 40 మిల్లీగ్రాములు అప్పటికే వేసుకుంటున్నాను.

అంతకు నాలుగు రోజుల ముందు నుంచి ఎడమ పిక్క నొప్పిగా ఉంది. మంచం మీదే ఉంటున్నాను కాబట్టి పట్టేసిందనుకున్నా. మా అత్త ఆముదం వేడిచేసి తెచ్చి, "నరం పట్టింది, రుద్దితే పోతాదిలేమ్మా" అంటూ రెండు రాత్రులు రుద్దింది. ఆ చేతుల్లో ఉన్నదంతా ప్రేమే.

మూడో రాత్రి ఊపిరి లోపలికి పీల్చుకుంటే కుడి పక్కటెముకల కింద కత్తి గుచ్చినట్టయింది. కరోనా నాటి ఆక్సీమీటరు బీరువాలోంచి తీసి వేలికి పెట్టుకుంటే 88 చూపించింది, నాడి 130. మా ఆయన ఆటో పిలిచి వేరే ఆసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడి డ్యూటీ డాక్టరమ్మ నా ఆయాసం గురించి అడిగి, వెంటనే దుప్పటి పక్కకు తీసి రెండు కాళ్లూ చూసింది. టేపుతో కొలిస్తే ఎడమ పిక్క మూడు సెంటీమీటర్లు లావుగా ఉంది. "దీన్ని ఎవరూ రుద్దొద్దు" అంది. అత్త మొహం చూడలేకపోయాను. రక్తం గడ్డకట్టిందేమో చూసే డి-డైమర్ రక్తపరీక్ష గురించి మా ఆయన అడిగితే, పేగులో ఇంత వాపు ఉన్నప్పుడు అది ఎలాగూ ఎక్కువే వస్తుంది, దాంతో తేలదు, నేరుగా ఛాతీకి సీటీ స్కాన్ తీద్దామన్నారు. చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు పోగానే గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకింది. రెండు ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనూ రక్తపు గడ్డలున్నాయి. కాలి రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్‌లో తొడ దాకా గడ్డ కనిపించింది. అందులోంచి ముక్కలు ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయాయన్నమాట.

రక్తం పలచబడే ఇంజెక్షన్ వెంటనే మొదలుపెట్టాలన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. "సార్, కింద నుంచి రక్తం పోతా ఉంటే, ఇంకా పలచబడే మందా?" ఆ ప్రశ్న నాదీ. పెద్ద డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. రక్తం కారేది పేగు పుండ్ల నుంచి. కానీ ఆ పుండ్ల వల్ల ఒళ్లంతా వాపు గుణం ఎక్కి, ప్లేట్‌లెట్లు పెరిగి, సిరల్లో రక్తం తొందరగా గడ్డకడుతుంది. రెండూ ఒకే మనిషిలో ఒకే రోజు జరుగుతాయి. ఈ జబ్బున్నవాళ్లకు గడ్డలు కట్టే ప్రమాదం మామూలు వాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, జబ్బు తిరగబెట్టినప్పుడు ఇంకా ఎక్కువ. దానికి తోడు నీళ్లు తగ్గిపోవడం, మంచం, స్టెరాయిడ్. తొమ్మిదేళ్లలో ఈ మాట నాకెవరూ చెప్పలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

తర్వాత ఆయన ఇంకో ప్రశ్న అడిగారు. "హార్మోన్ మాత్రలేమైనా వాడినావామ్మా?" అత్త బయటికి పోయేదాకా ఆగి చెప్పాను. మా మరిది పెళ్లిలో పీటల దగ్గర ఇబ్బంది కాకూడదని, నెలసరి వెనక్కి జరిపే మాత్రలు పది రోజులు మింగాను. మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చారు. ఆ మాత్రలు కూడా గడ్డ కట్టడానికి తోడవుతాయని ఆయన అన్నారు. పండగలకూ వ్రతాలకూ మన ఇళ్లలో ఎంతమంది ఇవి మింగుతారో నాకు తెలుసు. కొలైటిస్ ఉన్న చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, డాక్టరును అడగకుండా వాటి జోలికి పోవద్దు తల్లీ.

రక్తం పలచబడే ఆ ఇంజెక్షన్ పేరు ఎనాక్సాపారిన్. నా బరువు 60 కిలోలు కాబట్టి 60 మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి. విరేచనాల్లో రక్తం ఎక్కువైతే వెంటనే ఆపుకోవచ్చు కాబట్టి ముందు ఇంజెక్షన్లతో చూశారు. ప్రతిసారీ భయంతో బాత్రూంలోకి పోయి చూసుకునేదాన్ని. ఎక్కువ కాలేదు. పేగు మందు బాగా పనిచేసేసరికి రక్తం తగ్గుతూ వచ్చింది. ఎనిమిదో రోజు ఇంటికి పంపారు. ఇంకో వారం ఇంజెక్షన్లు ఇంట్లోనే. పొట్ట చర్మం మడతపట్టి గుచ్చాలి, సిరంజిలోని గాలిబుడగను బయటికి నెట్టకూడదు, గుచ్చాక రుద్దకూడదు. ఇవన్నీ మా ఆయన నర్సు దగ్గర నేర్చుకున్నారు. పొట్టంతా నల్లమచ్చలే. తర్వాత రక్తం పలచబడే అపిక్సాబాన్ మాత్రలు, పూటకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండు. నెలసరి బాగా ఎక్కువైంది, ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడి రెండు నెలలు ఓర్చుకున్నాను. అలా ఓర్చుకోకుండా ఉండాల్సింది. మూడు నెలలకు ఎకో అనే గుండె స్కాన్‌లో గుండె కుడివైపు బాగుందన్నారు. అయినా పేగు ఇంకా అణగలేదని మాత్రలు ఆరు నెలలు వాడించి ఆపారు.

ఈ జనవరిలో మళ్లీ తిరగబెట్టింది, అడ్మిట్ అయ్యాను. సెలైన్ పెడుతున్న నర్సమ్మను గడ్డలు కట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ రాశారా అని అడిగాను. "రక్తం పోతోంది కదమ్మా" అంది. ఫైల్లోంచి సీటీ రిపోర్టు తీసి చూపించాను. ఆమె డాక్టరుకు ఫోన్ చేసింది, ఆ రాత్రే 40 మిల్లీగ్రాములు పొట్ట మీద వేశారు. అత్త నా కాళ్ల దగ్గర కూర్చుంది. రుద్దలేదు. రెండు పిక్కలూ జానతో కొలిచి చూసి, దుప్పటి కప్పింది.